మార్తమ్మ కోయని గుమ్మడికాయ

ఈ మాట ఇన్నేళ్లుగా నా గొంతులోనే ఉండిపోయింది. అన్నం తింటున్నప్పుడూ అక్కడే ఉంది, చర్చిలో పాట పాడుతున్నప్పుడూ అక్కడే ఉంది. మీరెవరో నాకు తెలియదు. ఊళ్లో తెలిసినవాళ్లకి చెప్పలేకే మీకు చెబుతున్నాను. నా పేరు మాత్రం అడక్కండి. పేరు చెప్పానంటే మళ్లీ దాన్ని కాపాడుకోవాలనిపిస్తుంది. అసలు ఆ పేరు కోసమే ఇదంతా చేశాను.

నేను చేసింది వింటే ముందు మీకు నవ్వు రావచ్చు. పక్కింటివాడి గుమ్మడికాయను పాడుచేశాను. అంతే. ఎవర్నీ కొట్టలేదు, ఎవరి పొలమూ కాజేయలేదు. అంతే అని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో. అంతే అయితే ఈ వయసులో కూర్చుని ఎందుకు రాస్తున్నాను?

డెబ్బైల మొదట్లో మాట. మాది బెజవాడకి దగ్గర్లో, కాలవ గట్టునున్న ఊరు. నేను వన్‌టౌన్‌లో తెలకపిండీ వేరుశనగ చెక్కా అమ్మే ఒక హోల్‌సేల్ కొట్లో గుమాస్తాని. పొద్దున్నే బస్సెక్కి వెళ్లి దీపాలు పెట్టే వేళకి వచ్చేవాణ్ణి. దానియేలుది పక్కిల్లు. కాలవ వార కాస్త నేల కౌలుకి తీసుకుని కూరగాయలు పండించేవాడు. వాటిని అతని భార్య మార్తమ్మ గంపలో బెజవాడ తీసుకెళ్లి అమ్మేది. ఆవిడ నన్ను అన్నయ్యా అని పిలిచేది కాబట్టి దానియేలుకి నేను బావనయ్యాను. చుట్టరికం ఏమీ లేదు. ఒకటే చర్చి, మధ్యలో ఒకటే గోడ.

మా చర్చిలో ఏటా కోతపండగ చేసేవాళ్లం. ఎవరి పంటలో మొదటిది వాళ్లు తెచ్చి దేవుడికి ఇస్తారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు, వచ్చిన డబ్బు చర్చికి పోతుంది. అరటిగెలలు, కోళ్లు, కొత్త బియ్యం, అన్నీ అయ్యాక చివర్న గుమ్మడికాయలు. అందరికన్నా పెద్ద కాయ తెచ్చినవాడి పేరు పాస్టరుగారు వేదిక మీదనుంచి చదివేవారు. బహుమతంటూ ఏమీ లేదు. పేరు చదవడమే.

ఆ ఒక్క పేరు కోసం ఊళ్లో కొంతమందిమి ఏడాదంతా పడిచచ్చేవాళ్లం. వ్యాపారం చేసే కొట్లో పనిచేసేవాణ్ణి కదా, అందులో లాభం ఎంతో నష్టం ఎంతో అందరికన్నా నాకే బాగా తెలుసు. మార్కెట్లో అంత పెద్ద కాయని ఎవరూ కొనరు. పీచెక్కువ, రుచి తక్కువ, ముక్కలు కోసి అమ్ముకుంటే మోసిన కూలి కూడా రాదు. తీగకి ఒక్క కాయ ఉంచి తక్కిన పిందెలన్నీ గిల్లి పారేయాలి. లంకల్లోంచి ఒండ్రుమట్టి బండి మీద తోలించాలి. మాగిన ఎరువు వేయాలి, చెక్క నానబెట్టి పొయ్యాలి. కాయ కింద గడ్డి పరుపు, పైన తాటాకు పందిరి. పాలలో ముంచిన గుడ్డవత్తి తొడిమకి చుడితే కాయ తాగుతుందని ఎవరో అన్నారు. నిజంగా తాగుతుందో లేదో ఎవరికీ తెలియదు, అయినా అందరం చుట్టేవాళ్లం.

మా ఇంటావిడ కుట్టుమిషను కొనుక్కోవాలని కూడబెట్టుకున్న డబ్బు ఆ ఏడు ఒండ్రుమట్టికీ బళ్లకీ పోయింది. ఆవిడ ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు కష్టంగా ఉండేది. అప్పుడొకటి నాకు అర్థమైంది. గెలిస్తే ఆ ఖర్చు దేవుడికి ఇచ్చినట్టు లెక్క, ఓడితే నా పిచ్చి కింద లెక్క. ఆ రెండింటికీ మధ్య దానియేలు కాయ అడ్డంగా ఉంది.

దానియేలుకి నాలా జీతం లేదు. గేదెకి పెట్టాల్సిన చెక్క తీగకి పోసేవాడు. పిల్లల పాలలోంచి వత్తికి తీసేవాడు. ఆ మడిలో నాలుగు బెండ మొక్కలు పెట్టుకున్నా సంతకి వచ్చేవి గదా అని మార్తమ్మ బాధ. ఒక ఆదివారం చర్చి బయట అందరం నిలబడి ఉండగా నవ్వుతూనే అంది, "ఏదో ఒకరోజు ఆ కాయని కొడవలితో కోసి ఊరందరికీ పులుసు పెట్టేస్తా చూడండి" అని. అందరం నవ్వాం. దానియేలు కూడా నవ్వాడు.

పండగ దగ్గరపడింది. ఆ ఆదివారం నాకు కాస్త ఒళ్లు వెచ్చబడింది. చర్చికి వెళ్లలేదు. వెళ్లలేనంత జ్వరమా అంటే, కాదు. మైకులో పాటలు వినపడుతున్నాయి. ఒక తాడు తీసుకుని నా కాయ చుట్టుకొలతకి సరిగ్గా తెంపాను. తర్వాత అదే తాడు పట్టుకుని దానియేలు మడిలోకి వెళ్లాను. కొలిచి వద్దామనే వెళ్లాను. ఇది నిజం, నమ్మితే నమ్మండి.

తాడు చాలలేదు. రెండు కొసల మధ్యా నా చెయ్యి పట్టేంత ఖాళీ ఉంది.

పక్కనే పచ్చగడ్డి మోపు మీద మార్తమ్మ కొడవలి ఉంది. తీసుకున్నాను. కాయ అడుగున, గడ్డి పరుపు తగిలేచోట, పైకి కనపడకుండా, మొన గుచ్చి కొంచెం లాగాను. చప్పుడు కూడా కాలేదు. ఆ తర్వాత నేను చేసిన పని ఉంది చూశారూ, దాన్ని తల్చుకుంటేనే నాకు నా మీద అసహ్యం వేస్తుంది. కొడవలిని నా పంచెతో తుడిచాను. తుడిచి, ఉన్నచోటే, ఉన్నట్టే పెట్టాను. ఆవేశంలో చేశానని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. ఆవేశంలో చేసినవాడు తుడుస్తాడా?

తిరిగి వస్తుంటే గట్టు మీద మార్తమ్మ కనపడింది. ఆ రోజు పాస్టరుగారికి వాళ్లింట్లో భోజనం. వండాలని ప్రసంగం మధ్యలోనే లేచి వచ్చేసింది. అరటిచెట్ల చాటున ఆగి ఆవిడ వెళ్లేదాకా చూశాను. అంటే ఆవిడ ఆ పూట ఒంటరిగా ఆ చుట్టుపక్కల ఉందని నాకు తెలుసు. నింద ఆవిడ మీదికి వెళుతుందని అప్పుడే తట్టిందా? తట్టలేదనే అనుకుంటాను. కానీ ఈ విషయంలో నన్ను నేనే నమ్మను.

నాలుగు రోజులు పోయాక దానియేలు గోడ అవతల్నుంచి పిలిచాడు. వెళ్లాను. కాయని ఒక పక్కకి ఒరిగించి పెట్టాడు. అడుగున మెత్తబడి నీరు కారుతోంది. చీమలు పట్టాయి. కుళ్లు మధ్యలో సన్నగా వంకర గాటు.

"ఎలకేమో బావా" అన్నాను.

"ఎలక పళ్లు ఇలా ఉండవు" అన్నాడు. ఇంటి వైపు చూశాడు. ఆ చూపు ఎటు వెళుతోందో నాకు తెలిసింది. అప్పుడు ఒక్క మాట చాలు. నేనే బావా అంటే చాలు. కొట్టేవాడేమో, మాట్లాడ్డం మానేసేవాడేమో. మా రెండిళ్లతో పోయేది. నేను చీమల్నే చూస్తూ నిలబడ్డాను.

ఆ సాయంత్రం మార్తమ్మ మా ఇంటికి వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"అన్నయ్యా, ఆయన నా మాట నమ్మట్లేదు. బైబిలు మీద చెయ్యేసి చెప్పినా నమ్మట్లేదు. నువ్వు చెబితే వింటాడు."

నేను లాంతరు వత్తి సరిచేస్తూ ఉండిపోయాను.

"నేనే చేశానని నువ్వూ అనుకుంటున్నావా?"

"పోనీలేమ్మా" అన్నాను. "అయిందేదో అయింది. ఇంక ఆ మాట ఎందుకు."

ఆవిడ కాసేపు నా ముఖంలోకి చూసింది. తర్వాత కొంగు సర్దుకుని వెళ్లిపోయింది. కాయని గుచ్చడం ఒక పాపమైతే, ఈ మాట దానికన్నా పెద్దది. అది కొడవలితో చేసింది, ఇది నోటితో చేసింది. పైగా దయగా అన్నాను. క్షమిస్తున్నట్టుగా అన్నాను. ఎవర్ని క్షమించాను నేను?

పండగరోజున నా కాయే పెద్దది. పాస్టరుగారు నా పేరు చదివారు. అందరూ చప్పట్లు కొట్టారు. బెజవాడ నుంచి వచ్చిన ఒక కాంట్రాక్టరు వేలంలో గొప్పగా పాడి కొన్నాడు. అంత కాయ నాకెందుకండీ అని అక్కడే వదిలేసి వెళ్లాడు. పాస్టరుగారింటి వరండాలో కొన్నాళ్లుండి మెత్తబడితే కాలవలో పారేశారు. మళ్లీ నేను తీగ పెట్టలేదు. నడుం నొప్పని చెప్పాను.

దానియేలు పెద్దగా గొడవ చెయ్యలేదు. కేకలేస్తే తీరిపోయేదేమో. మార్తమ్మతో నేరుగా మాట్లాడ్డం మానేశాడు. "మీ అమ్మకి చెప్పండి" అని పిల్లలతో అనేవాడు. మార్కెట్‌కి తనే వెళ్లడం మొదలుపెట్టాడు. అదివరకు ఆ డబ్బు ఆవిడ చేతిలో ఆడేది. అందులోంచి కొంచెం కొంచెం దాచి పెద్దమ్మాయిని నర్సు ట్రైనింగ్‌కి పంపాలని ఆవిడ ఆశ. ఊళ్లో ఆడపిల్లల్లో ఆ మాటెత్తింది ఆ పిల్లే మొదలు. డబ్బు చేతులు మారాక ఆ మాట ఇంట్లో వినపడలేదు. ఆ పిల్లకి తొందరగా పెళ్లి చేసేశారు. ఇదంతా ఒక గుమ్మడికాయ వల్లనే అంటారా అని మీరు అడగచ్చు. నేనూ అలాగే అడిగి తప్పించుకోవాలని చూశాను. కాయ వల్ల కాదు. ఇంట్లో మనిషే తన కష్టాన్ని కోసిందన్న నమ్మకం వల్ల. ఆ నమ్మకం నేను వేసిన విత్తనమే, నేను నీళ్లు పోసి పెంచిందే.

ఏళ్లు గడిచాయి. దానియేలు కాలేయం చెడి బెజవాడ ఆస్పత్రిలో పడ్డాడు. కొట్టు కట్టేశాక రోజూ వెళ్లి పక్కన కూర్చునేవాణ్ణి. మార్తమ్మ వరండాలో కూర్చుని ఉండేది, నేను వెళితే లేచి పక్కకి జరిగేది. ఒకరోజు దానియేలు తనంతట తనే ఆ మాటెత్తాడు.

"మార్తమ్మ ఒక్కసారి ఒప్పుకుంటే సరిపోయేది బావా. నేను ఎప్పుడో మర్చిపోయేవాణ్ణి. ఒప్పుకోలేదు చూడు, అదీ నా బాధ."

అతని చెయ్యి నా చేతిలో ఉంది. మార్తమ్మ తలుపవతల ఉంది. చెయ్యని పనిని ఒప్పుకోలేని మనిషి అక్కడ, చేసిన పనిని ఒప్పుకోని మనిషిని నేనిక్కడ. అతనికి ఎక్కువ రోజులు లేవు, ఇప్పుడు కలత పెట్టడం ఎందుకు అనుకున్నాను. అది జాలి అనుకున్నాను. భయానికి ఎన్ని మంచి పేర్లు పెట్టాను నేను. "పడుకో బావా" అన్నాను. దుప్పటి సర్దాను. కొన్నాళ్లకే పోయాడు.

తర్వాత మార్తమ్మ కొండపల్లిలో ఉన్న పెద్దమ్మాయి దగ్గరికి వెళ్లిపోయింది. అల్లుడికి అక్కడి కరెంటు ఫ్యాక్టరీలో పని. మా ఇంటావిడ పోయిన తర్వాత, ఇక నా పేరు పోతే సిగ్గుపడేవాళ్లెవరూ లేరనిపించిన తర్వాత, బస్సెక్కి కొండపల్లి వెళ్లాను. ఆవిడ అరుగు మీద కూర్చుని చింతపండులో పిక్కలు తీస్తోంది. జుట్టంతా తెల్లబడింది. నన్ను గుర్తుపట్టి చాప వేయించింది. కూతురు కాఫీ ఇచ్చి లోపలికి వెళ్లింది.

చెప్పాను. తాడు సంగతి, కొడవలి సంగతి, తుడిచిన సంగతి, అరటిచెట్ల చాటున నిలబడిన సంగతి, అన్నీ చెప్పాను. ఏడుస్తుందేమో అనుకున్నాను, తిడుతుందేమో అనుకున్నాను. పోనీలే అన్నయ్యా అంటుందేమోనని కూడా లోపల ఎక్కడో ఆశపడ్డాను. ఆవిడ చేతులు ఆగాయి.

"ఈ మాట ఆయనకి చెప్పాల్సింది" అంది. "నాకెందుకు? నేను చెయ్యలేదని నాకు తెలుసుగా."

అంతే. మళ్లీ చింతపండు చేతిలోకి తీసుకుంది. కాఫీ చల్లారిపోయింది. చాలాసేపు కూర్చున్నాను. ఆవిడ వెళ్లమని అనలేదు. నేనే లేచాను.

క్షమించమని అడగలేదు నేను. ఆ మాట విన్నాక అడగడానికి నోరు రాలేదు. క్షమించాల్సిన మనిషికి వినే వీలు లేదు. విన్న మనిషికి నా మాటతో పనిలేదు.

మా ఊళ్లో ఇప్పటికీ కోతపండగ వస్తే ఎవరో ఒకరు ఆ పాత కథ ఎత్తుతారు. మార్తమ్మ మొగుడి మీద కోపంతో గుమ్మడికాయ కోసేసిందట అని నవ్వుతారు. అప్పటికి పుట్టనివాళ్లు కూడా నవ్వుతారు. నేను ఆ నవ్వుల్లో ఎన్నేళ్లో కూర్చున్నాను. అందుకే రాస్తున్నాను. మార్తమ్మ కొయ్యలేదు. నేను కోశాను. తెలిసే కోశాను, తెలిసే ఊరుకున్నాను.

ఇదివరకు ఒక్కరికి చెప్పాను. ఇప్పుడు మీకు చెప్పాను. దీనివల్ల ఏమీ బాగుపడదని తెలుసు. అయినా గొంతులో ఇన్నాళ్లూ అడ్డంపడి ఉన్నది, ఈ పూట కాస్త జరిగినట్టుంది.