మూడు గుమ్మాల మరియమ్మ టీచర్

మేడ్చల్ గ్రంథాలయంలో పేపర్ చదువుతుండగా మరియమ్మ టీచర్ ఇక లేరని తెలిసింది. ఆ తర్వాత ఒక్క అక్షరం కూడా నా తలకెక్కలేదు. ముందు రోజే ఆమె ఈ ఆదివారం నడకకు వచ్చేవాళ్ల పేర్లు రాసుకున్నారు. తొమ్మిది మందిమి.

డ్రాయింగ్ టీచర్‌గా రిటైరయ్యాక ఆమె నెలకొకసారి మా పాఠకులను బస్సులో నగరానికి తీసుకెళ్లి, చిత్రకారులు, నాటకాలవాళ్లు అద్దెకుండే ఒక పాత బస్తీని నడిపించి చూపేవారు. మొదటిసారి నేను ఆమెతో వెళ్లలేదు. ఒక కంపెనీ వాళ్లు అదే బస్తీలో పద్నాలుగు చోట్లు చూపిస్తామన్నారు. టీచర్ చూపేవి మూడు ఇళ్లే. సైకిల్ దుకాణం నడుపుకుంటూ గ్రంథాలయంలోని చిత్రకళ పుస్తకాలన్నీ చదివినవాణ్ణి కదా, ఎక్కువున్నదే ఎంచుకున్నాను. గైడు కన్నా ముందే నేను వివరాలు చెప్పేసి మురిసిపోయాను.

తిరిగొచ్చాక టీచర్ అడిగారు. "పద్నాలుగు జాగలు జూసినవ్ గదా నర్సింలూ, ఒక్క మనిషితోనన్న మాట్లాడినవా?"

"లేదు టీచరమ్మా."

"మరి గోడలు జూసెతందుకు గంత దూరం ఎందుకు వోయినవ్? గోడలు మేడ్చల్ల లేవా? ఈసారి నాతోని రా. సదివింది ఇంట్ల వెట్టి రా."

ఆమెది ఒకటే పద్ధతి. గుమ్మం బయట నిలబడి, "పనిల ఉన్నరా? లోపటికి రావచ్చా?" అని అడిగేవారు. వద్దంటే వెనుదిరగడమే. ఒకసారి మూడు ఇళ్లవాళ్లూ వద్దన్నారు; చివరిది ఒక చిత్రకారుడి ఇల్లు. శామీర్‌పేట నుంచి వచ్చిన ఒకాయన, "గింత దూరమొచ్చి ఏం జూడకనే పోవుడేంది టీచరమ్మా?" అని సణిగాడు.

"ఆయన బొమ్మ గీస్తుండు. మనం వోతె చెయ్యి ఆగుతది. ఛాయ్ తాగి పోదాం పా" అన్నారామె.

మరుసటి నెల ఆ చిత్రకారుడే ఎదురొచ్చి మమ్మల్ని లోపలికి పిలిచాడు. ఇంకో ఇంట్లో నాటకాల వేషాలు కుట్టే ముసలామె సూదిలో దారం ఎక్కించమంటే, టీచర్ ఎక్కించి ఇచ్చి, ఆమె పక్కనే గంటసేపు కూర్చున్నారు. ఆ రోజు మిగతా రెండిళ్లకు వెళ్లనే లేదు. మాలో ఎవరికీ వెలితి అనిపించలేదు.

చర్చిలో ప్రార్థన ముగిశాక, సమాధి దగ్గరి నుంచి వస్తూ మావాళ్లు, "ఇగ ఆ కంపెనోళ్లతోనే పోదాం" అన్నారు. "వద్దు, నేను తీస్కపోత" అన్నాను. వాళ్లు నన్ను ఎగాదిగా చూశారు.

"నువ్వు నోరు మూసుకొని ఉంటవా నర్సింలూ?"

న్యాయమైన అనుమానమే. అది నాకూ ఉంది.

ఆమె పిలుపులోని మర్యాద నాకు రాదు. దాన్ని నేర్పే పుస్తకమూ నాకు దొరకలేదు. ఆ మూడిళ్లవాళ్లకూ నా ముఖం తప్ప పేరు తెలియదు. అయినా ఆదివారం తొమ్మిది మందిమీ బయల్దేరుతున్నాం. మొదటి గుమ్మం ముందు నిలబడి టీచర్ ఇక రారని నేనే చెప్పాలి. చెప్పి, లోపలికి రావచ్చా అని అడుగుతాను. వద్దంటే వచ్చే నెల మళ్లీ వెళ్లి అడుగుతాను.