పటేలింట్లో పకీరప్ప

కిందటి నెలలో తాండూరులో నాపరాళ్లకు నునుపు పెట్టే ఒక కార్ఖానాకు వెళ్లాను. వికారాబాదులో కట్టుకున్న రెండు గదుల ఇంటి గోడకు పేరు చెక్కిన బండ ఒకటి కావాలి. ఇల్లు చిన్నదే, అందుకే బండ పెద్దది కావాలనుకున్నాను. చెక్కే అతను నీలం రంగు బండను తడిగుడ్డతో తుడిచి, సుద్దముక్క పట్టుకుని పేరు అడిగాడు. "పి. పటేల్" అన్నాను. రాసి, రెండడుగులు వెనక్కి జరిగి చూశాడు. "ఇంత పెద్ద బండకు గింత పేరేంది సార్? పెండ్లి పందిట్ల ఒక్కడే కూసున్నట్టున్నది. పి అంటే ఏందో పూరా జెప్పుండ్రి" అన్నాడు. కోత యంత్రం చప్పుడులో వినబడనట్టు నిలబడ్డాను. అతను మళ్లీ అడిగేసరికి, ఫోన్ చేసి చెబుతానని బయటపడ్డాను.

నా పేరు పకీరప్ప. మా వైపు అరుదైన పేరేమీ కాదు. పీర్ల పండుగకు మొక్కుకున్న ప్రతి ఊళ్లోనూ ఇద్దరు ముగ్గురు ఉంటారు. కానీ పెద్దేముల్ దగ్గర మా ఊళ్లో పటేల్గిరీ చేసిన మా ఇంట్లో తాతముత్తాతలందరివీ నరసింహుడి పేర్లో, అనంతగిరి స్వామి పేర్లో. వాళ్ల మధ్య నేనొక్కణ్ణే పకీరును. బడిలో పక్కబల్ల మీది వాడు, "పటేలింట్ల పకీరు పుడితే, మరి మా గుడిసెల నవాబు పుట్టాలె గద!" అన్న రోజు నుంచి నేను పేరును ఒక్క అక్షరానికి కుదించాను. ఉద్యోగంలో సంతకం అదే, నా పెండ్లి పత్రికలోనూ అదే. భూములు పోయాయి, పటేల్గిరీ పోయింది, ఆ ఒక్క అక్షరాన్ని మాత్రం పోనివ్వలేదు. బండ సంగతి విని మా ఆవిడ, "సొంత ఇంటికి సొంత పేరు రాపియ్యనీకె మీకెందుకింత శరం? కిరాయికున్నోళ్లు గూడ ధైర్నంగ రాపిస్తుండ్రు" అంది. చెప్పులు వేసుకుని స్టేషన్ దాకా నడిచి, ఏ పనీ లేకుండా తిరిగివచ్చాను. ఆ వారమంతా అంతే, కూర్చున్న చోట కూర్చోబుద్ధి కాలేదు.

ఈ పేరుకు మా ఇంట్లో ఒక కథ ఉండేది. నేను పుట్టిన ఏడు గుల్బర్గా వైపు నుంచి ఒక పకీరు వచ్చాడట. మా తాత తన భుజం మీది శాలువా తీసి ఆయనకు కప్పాడట. ఆయన సంతోషించి, పుట్టిన బిడ్డకు తన పేరు పెడితే వంశం నిలుస్తుందని దీవించాడట. మా నాన్న ఈ కథను చుట్టాల ముందు చెప్పేవాడు. చెప్పినప్పుడల్లా శాలువా అంచు మీది జరీ ఇంకొంచెం వెడల్పయ్యేది. కథ శాలువా దగ్గరికి రాగానే మా అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది. పొయ్యి మీద ఏదో ఉందనుకునేవాణ్ణి.

బండ నిర్ణయం తేలక, మళ్లీ తాండూరు రైలెక్కి, అక్కడ ఉర్దూ పంతులుగా చేసి విశ్రాంతిలో ఉన్న పాత మిత్రుడి దగ్గరికి వెళ్లాను. పేరుకు అర్థం అడిగితే ఆయన కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు. "ఫకీర్ అంటే అడుక్కునేటోడు అనుకుంటున్నరా పటేల్ సాబ్? కాదు. అల్లాను తప్ప ఇంకెవర్నీ అడగనోడు" అన్నాడు. ఆ మాట నాకు కొత్త చొక్కాలా సరిగ్గా సరిపోయింది. నేనెప్పుడు ఎవరిని ఏమడిగాను? పొరుగింట్లో మంచినీళ్లు కూడా ముట్టని మనిషిని. చాయ్ తాగి, నడుం ఇంకొంచెం నిటారు చేసుకుని, అదే ఊపులో బొంరాస్‌పేట బస్సెక్కాను. అక్కడ మా మేనత్త ఉంది. మా తరం కంటే ముందు తరంలో మిగిలింది ఆమె ఒక్కతే. తాత శాలువా కథకు ఆమె సాక్ష్యం కూడా ఉంటే పేరు మొత్తం ధైర్యంగా చెక్కించవచ్చని నా లెక్క.

అత్త మంచం మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. కథంతా విని నోట్లో పండ్లు లేని నవ్వు నవ్వింది. "శాలువనా? మీ తాత సలికాలంల ముసలెద్దుకు గోనెపట్ట కప్పనీకె గూడ ఆలోచన జేస్తుండె. ఎవనికో శాలువ కప్పుతడా అల్లుడా?" అంది. తర్వాత నవ్వు ఆపి, చేతులు తుడుచుకుని అసలు సంగతి చెప్పింది. నాకు ముందు పుట్టిన ఇద్దరన్నలు పురిట్లోనే పోయారు. నేనూ పాలు తాగక నీలిగిపోతుంటే, పండుగకు పీరును ఎత్తుకునే ముసలాయన, బిడ్డను పకీరును చేసి ఐదిండ్లు అడిగి తెచ్చిన గింజలతో తల్లి అన్నం వండుకు తినాలన్నాడట. మా తాత ఒప్పుకోలేదు. "పెట్టుడే గాని అడుగుడు తెల్వని ఇల్లిది" అన్నాడట. పరదా కట్టిన బండి లేకుండా గడప దాటని మా అమ్మ, ఆ మధ్యాహ్నం చెప్పుల్లేకుండా, నన్ను భుజాన వేసుకుని, మా గొర్లు కాసేవాళ్ల వాడకు నడిచి వెళ్లిందట. "మొదటి ఇంటి ముంగట కొంగు పట్టి నిలవడ్డది. నోరు మాత్రం రాలె. ఏమడగాల్నో ఎన్నడు నేర్సుకున్నది గన్కనా! ఆ ఇంటామె జూసి, అడగకముందే జొన్నలు పోసింది. నేను ఎనకాల్నే ఉన్న, పోరిని. నువ్వు గా రాత్రే పాలు తాగినవ్. గా మొక్కుకే నీకీ పేరు" అంది అత్త. "గిదంతా బయట జెప్పొద్దని మీ తాత మా తోని ఒట్టు పెట్టిచ్చుకున్నడు. శాలువ మీ నాయిన అల్లిండు."

ఉర్దూ పంతులు తొడిగిన చొక్కా బొంరాస్‌పేట బస్టాండు దాకా కూడా నిలవలేదు. ఇంటికి పోబుద్ధి కాలేదు. తాండూరులో దిగి పెద్దేముల్ వైపు పోయే షేర్ ఆటోలో ఇరుక్కున్నాను. దారిలో బండ చెక్కే అతని ఫోను వచ్చింది. "పి అంటే పరమేశ్వరా సార్, పాండురంగమా?" అని అరిచాడు. ఆటోలో ఎనిమిది మంది నా మొహం చూస్తున్నారు. తర్వాత చెబుతానని పెట్టేశాను.

గొర్లు కాసేవాళ్ల వాడలో ఇప్పుడు అన్నీ స్లాబు ఇళ్లే. అత్త చెప్పిన గుర్తుల ప్రకారం ఒక ఇంటి ముందు ఆగాను. జొన్నలు పోసినామె ఎప్పుడో పోయిందని, ఇప్పుడు కోడలే ఉంటుందని అత్తే చెప్పింది. ఆ కోడలు, ఆమె కూడా నడివయసు దాటిన మనిషి, వాకిట్లో గొర్రెపిల్లకు సీసాతో పాలు పట్టిస్తోంది. "ఎవరు గావాలె?" అంది. గొంతు సవరించుకుని, "పకీరప్పను" అన్నాను. "ఏ పకీరప్ప? మా బావ గూడ పకీరప్పనే. గీ గల్లీల ఇంకొకడున్నడు, తాగి పన్నడు" అంది.

ఇంటిపేరు నాలుక చివరిదాకా వచ్చింది. పటేలు అని ఒక్క మాట అంటే ఆమె లేచి నిలబడేదేమో. అనలేదు. "మీ అత్త జొన్నలు పోసిన పకీరప్పను. మా అమ్మ మీ వాకిట్ల కొంగు పట్టింది" అన్నాను. గొర్రెపిల్ల నోట్లోంచి సీసా జారింది. ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసి, ఇంట్లోకి తిరిగి, "ఓ అయ్యా, ఇటు రా! అత్త జెప్పింది నిజమేనట!" అని కేక పెట్టింది. తర్వాత నా వైపు తిరిగి మెల్లగా, "పటేలమ్మ మా ఇంటికొచ్చి కొంగు వట్టిందని సచ్చేదాక జెప్పింది పాపం. పటేలమ్మ నీ తాన అడుక్కునుడేందే, కలగన్నవా అని ఊరంత నవ్విండ్రు. మేం గూడ నవ్వినం" అంది.

అరుగు మీద కూర్చోబెట్టి జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు పెట్టారు. తిన్నాను. జొన్నలు పోసినామె కొడుకు వచ్చి ఎదురుగా నిలబడితే, ఆ మాటే మళ్లీ మొదటినుంచి చెప్పాను. అక్కడినుంచే బండ చెక్కే అతనికి ఫోన్ చేసి, పేరు మొత్తం వాడంతా వినబడేలా చెప్పాను. వెనక పటేలు పెట్టాలా అని అడిగాడు. వద్దన్నాను. లోపల గోడ మీద వాళ్లమ్మ ఫొటో ఉందని తీసుకెళ్లి చూపించారు. నెత్తి మీద కొంగు, కొంచెం కోపంగా ఉన్న చూపు. ఆమె చెప్పిన మాట నిజమని ఒప్పుకోవడానికి మా ఇంటికి ఒక జీవితకాలం పట్టింది, ఆమెకు ఉన్నది కూడా ఆ ఒక్క జీవితకాలమే.