క్రాఫ్టు అక్క తీసిన తాళం

మా క్రాఫ్టు అక్క మంగళవారం పొద్దున పులివెందులలో, కూతురింట్లో కన్నుమూసింది. ఫోన్లో ఆ మాట విన్నప్పటి నుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. వంటింట్లోకి పోతాను, ఎందుకొచ్చానో గుర్తురాక మళ్లీ వాకిట్లోకి వస్తాను. ఒకప్పుడు మేం కలిసి పనిచేసిన బళ్లో వాళ్లందరిలో ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. అందుకే రాస్తున్నాను.

జమ్మలమడుగు అవతల ఒక పల్లె హైస్కూల్లో నేను తెలుగు టీచరుని. ఆమె ఆడపిల్లలకు కుట్లు, అల్లికలు నేర్పే క్రాఫ్టు టీచరు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. ప్రొద్దుటూరు నుంచి రోజూ ఒకే బస్సులో పోయి వచ్చేవాళ్లం. బస్సెక్కగానే కిటికీ పక్కన కూర్చుని, సంచిలోంచి చెవి లేని తాళంకప్ప ఒకటి తీసి ఒళ్లో పెట్టుకునేది. పాత సామాన్ల అంగట్లో అలాంటివి ఏరుకొచ్చి సరదాకి తీసేది. తీశాక మళ్లీ నొక్కి వేసేది.

"దీంట్లో ఏముందక్కా?" అంటే, "ఏమీ లేదు పాపా. చేతులు ఊరికే ఉండవు, అంతే" అనేది.

పనిముట్లు కూడా తనే చేసుకునేది. పాత చాకు పిడిలో నాలుగు ముక్కలు మడిచి పెట్టుకునేట్టు ఒకటి చేసింది. గొడుగు కమ్మీని సానబట్టి చేసిన సన్నపు మొన లోపలి పిన్నులను లేపడానికి. వంచిన రంపపు బ్లేడు ముక్క తాళాన్ని పక్కకు ఒత్తి పట్టుకోవడానికి. మూడోది కుట్టు మిషను స్క్రూలు తిప్పడానికి, నాలుగోది కుట్లు విప్పడానికి. చేసిన ప్రతిదాన్నీ తాడుకు గుచ్చిన ఏడు తాళాల మీద వరసగా పరీక్ష చేసి, పిల్లల పేపర్లు దిద్దినట్టు మార్కులేసేది. "పదికి నాలుగు. మొన వంగతాండాది." ఏడు దాటి దేనికీ వేయలేదు. ఆ నాలుగు పనుల చాకును నేను మెచ్చుకుంటే తల అడ్డంగా ఊపింది. "నాలుగు పనులూ చేస్తాది పాపా. ఏదీ పూర్తిగా చేయదు."

బడి ఉన్న ఆ ఊళ్లో రెండు పార్టీలు. ఒక సోమవారం ఒక మనిషిని చంపారు. చంపినవాళ్ల బంధువులు తెల్లారేసరికి ట్రాక్టర్లలో ఊరొదిలి పోయారు. బడి పక్కన వాళ్ల ఇల్లొకటి ఉంది. ఎదురు పార్టీవాళ్లు దానికి తమ తాళం వేశారు. ఆ ఇంటి అవ్వ పోనని మొండికేసి లోపలే ఉండిపోయింది. ఆ సంగతి తాళం వేసినవాళ్లకు తెలుసో లేదో నాకిప్పటికీ తెలీదు. మంగళవారం పాఠం చెబుతుంటే తలుపు మీద చెంబుతో కొట్టిన చప్పుడు వినిపించింది. వీధంతా వింది. తాళం పగలగొట్టిన మనిషి ఏ పార్టీయో ఆ క్షణమే తేలిపోతుంది కాబట్టి ఎవరూ కదల్లేదు. మా హెడ్మాస్టరు జమ్మలమడుగు పోయి పోలీసులకు చెప్పివచ్చారు. అక్కణ్నుంచీ ఎవరూ రాలేదు.

మధ్యాహ్నం బెల్లు కాగానే అక్క టిఫిన్ డబ్బా తీసుకుని లేచింది. "రా పాపా, నాకు అడ్డం నిలబడు."

నాలుగు నిమిషాల్లో తాళం వచ్చింది. అవ్వ నీళ్లు తాగి, అన్నం తిని, మమ్మల్నే కసిరింది. "నేను బయటికొస్తే ఇల్లు వాళ్లదైపోతాది. మళ్లీ తాళమేసి పోండి." వేసి వచ్చాం. బుధవారమూ అంతే.

గురువారం అక్క తాళం వేస్తుండగా వెనక నుంచి గొంతు వినిపించింది. "ఏం చేస్తాండారు టీచరమ్మా ఈడ?" ఎదురు పార్టీ మనిషి.

"ముసలామెకు కూడు పెడతాండామప్పా. ఆమె ఎవురినీ చంపలేదు కదా" అంది అక్క.

అతను ఆ మాట పట్టించుకోలేదు. తాళం వైపే చూస్తున్నాడు. "ఎట్ల తీస్తివి?"

"ఇదొక తాళమా? దీన్ని ఎవురైనా తీస్తారు" అంది అక్క.

శుక్రవారం తలుపుకు కొత్త తాళం ఉంది. అరచేయంత ఇత్తడి తాళం. లోపల పిన్నులు కాదు, రేకుల్లాంటి లివర్లు. చాకులోని మొన వాటిని కదిలించలేక గంటసేపట్లో వంగిపోయింది. శనివారం ఇంకోటి తెచ్చింది, అదీ విరిగింది. తలుపు కింద సన్నటి సందు ఉంది. అవ్వ పిండుకుని తాగుతుందని క్రాఫ్టు క్లాసు గుడ్డలు నీళ్లలో తడిపి ఆ సందులో తోశాం. కాసేపటికి గుడ్డ కొస లోపలికి కదిలింది. అక్క గడప మీద తల ఆనించి, "తీస్తాండా అవ్వా, తీస్తాండా" అంటూనే ఉంది.

శనివారం సాయంత్రం ప్రొద్దుటూరులో కత్తులు సానబట్టే అతని ముందు కూర్చుని, రంపపు బ్లేడుతో మందంగా, ఒకే పనికి పనికొచ్చే ముక్క చేయించుకుంది. ఆదివారం మేమిద్దరమే పోయాం. ముప్పావుగంటకు తాళం వచ్చింది. అవ్వ గోడకు ఆనుకుని ఉంది, పెదాలు పగిలిపోయి ఉన్నాయి. నీళ్లు తాగాక అక్క ముఖంలోకి చూసి, "రెండు దినాలు యాడికి పోతివి?" అంది. అక్క అన్నం కలిపి ముద్దలు పెట్టింది.

తర్వాత రెండు వారాలు ఆ మనిషి కంట పడకుండా ఆ ముక్కతోనే రోజూ తీశాం. అంతలో పెద్దవాళ్లు కూర్చుని రాజీ చేశారు. అవ్వ కొడుకు తిరిగొచ్చి, ఊరంతా చూస్తుండగా ఆ తాళాన్ని బండరాయితో పగలగొట్టాడు. జనం ఈలలు వేశారు. ఇన్నాళ్లూ తల్లి ఎట్లా బతికిందని ఎవరూ అడగలేదు. మాకు చేటని అవ్వా నోరు విప్పలేదు. ఆ ఏడే అక్కను పులివెందుల వైపు బదిలీ చేశారు. ఎవరు చేయించారో మేం విచారించలేదు.

ఆమె సరదా అక్కడితో పోయింది కానీ పని ఆగలేదు. తర్వాత ముప్పై ఏళ్లూ లివర్ తాళాల పనిముట్లే చేసింది. చేసేది, పరీక్షించేది, పక్కన పడేసేది. ఎప్పుడు కలిసినా ఒక మాట తప్పనిసరిగా అడిగేది. "ఆ పొద్దు ఆ మనిషితో 'ఇదొక తాళమా' అని నేనెందుకంటి పాపా? నోరు మూసుకోనుంటే పాత తాళమే ఉండేది కదా."

"అవ్వను నువ్వే బతికించావు కదక్కా" అంటే వినేది కాదు.

నెల కిందట చూడటానికి పోయాను. చూపు మందగించింది, చేతులు వణుకుతున్నాయి. అయినా కొత్త ముక్క ఒకటి చూపించింది. "దీంతో ఎనిమిది నిమిషాలు పడతాండాది. లోపల మనిషి ఉంటే ఎనిమిది శానా ఎక్కువ."

నేను బయలుదేరితే వద్దన్నా వినకుండా వీధిలోకి వచ్చింది. ఎన్నికల గొడవలని ఆ రోజు అంగళ్లన్నీ మూసేశారు. వీధి పొడుగునా షట్టర్లు, వాటికి తాళాలు. మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూశాను. అక్క ఇంట్లోకి పోలేదు. మిట్టమధ్యాహ్నపు ఎండలో, ఒక్కో షట్టరు దగ్గరా ఆగి, తల వంచి చెవి ఆనించి వింటోంది. వెంటనే పక్క షట్టరుకు పోతోంది.