గాయపాకులో వెండి

అచ్చాయమ్మ కడిగిన ఆకు మీద దుమ్ము కాదు, దుమ్ము ఊసు కూడా మిగలదు. భీమవరం దగ్గర ఒక ఫార్మసీ కాలేజీలో ఊడ్చే పనికి చేరి, పన్నెండేళ్ళకి ల్యాబ్ అటెండరు అయిన మనిషి. సీసా తళతళలాడకపోతే ఆవిడకి అన్నం సహించదు. ఆ శుభ్రతే ఆవిడకి తంటా తెచ్చిపెట్టింది.

2008లో వానలు మొదలయ్యాక, పరిశోధన చేస్తున్న సుప్రియ మేడం ఆవిడకో పని పురమాయించింది. కాలవగట్ల మీది గాయపాకు కోసుకురావాలి. చెయ్యో కాలో తెగితే పసరు పిండుకునే ఆకే. దాన్ని ఉడికించి, ఆ కషాయాన్ని వెండి కరిగిన నీళ్ళలో పోస్తే కంటికి ఆనని వెండి రేణువులు పుడతాయట. వాటిని నానో కణాలంటారట.

"నీళ్ళు తేనెరంగుకి తిరిగాయంటే వెండి పుట్టినట్టేనండీ అచ్చాయమ్మగారూ. పుండ్లలో ఉండే క్రిముల్ని అవి చంపుతాయేమో చూడాలి," అంది సుప్రియ.

పుండు అన్న మాట దగ్గరే అచ్చాయమ్మ చెవి ఆగిపోయింది. ఇంట్లో ఆవిడ మొగుడు లోవరాజు కుడికాలి బొటనవేలు నాలుగు నెలలుగా మానడం లేదు. రొయ్యల చెరువులో వల లాగుతుంటే గుల్ల కోసుకుంది. ఒంట్లో షుగరుందని అప్పుడే తెలిసింది. మానకపోతే వేలు తీసెయ్యాలని డాక్టరుగారు ముందే చెప్పారు.

ఆ రోజు నుంచీ అచ్చాయమ్మ నేల మీద నడిచిందంటే నేను నమ్మను. తెలతెలవారుతుండగా తుంపరలో కాలవగట్టు వెంట పోయేది. మందుకి కోసే ఆకుని అడక్కుండా కొయ్యకూడదని వాళ్ళమ్మ నేర్పింది. "తల్లీ, మా ఆయన కోసం. ఏమనుకోకు," అని ఒక్కో మొక్కకీ చెప్పుకుని తుంచేది. ఆ పచ్చదనం అడుగున ఎక్కడో వెండి నిద్రపోతోందని ఆవిడ నమ్మకం.

మధ్యాహ్నం ల్యాబ్‌లో ఫ్రిజ్ సన్నగా రొద చేస్తుంటే, గాజుకుప్పె ముందు స్టూల్ మీద కూర్చునేది. కళ్ళు వాటంతటవే మూతపడేవి. చిన్న చిన్న వెండి నలుసులు, ఏటికి ఎదురెక్కే చేపపిల్లల్లా, లోవరాజు కాలి నరాల్లో గుంపుగా పోయేవి. బొటనవేలు చేరి అక్కడే తిరుగుతుండేవి. నల్లబడ్డ తోలు ఊడి లేతచర్మం వచ్చేది. అతడు చెప్పులేసుకుని సంతకి బయల్దేరేవాడు. ఉలిక్కిపడి కళ్ళు తెరిస్తే కుప్పెలో నీళ్ళు విరిగిన పాలల్లే తెల్లగా కనపడేవి.

ఎన్నిసార్లు చేసినా అంతే. రెండు నెలలు గడిచాయి. సుప్రియ వెండిమందు సీసా మార్చింది, కుప్పెలు మార్చింది. చివరికి, "ఈ ఆకు పనికిరాదేమోనండి," అని నీరసంగా అంది.

ఒక గురువారం మొగుణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి ఆవిడ సెలవు పెట్టింది. సోమవారం వేలు తీసేస్తామన్నారు. మర్నాడు ఏడుపు దిగమింగుకుని ల్యాబ్‌కి వస్తే, కుప్పెలో తేనెరంగు నీళ్ళు.

"నిన్న మీరు లేరని ఆకు నేనే డిస్టిల్డ్ వాటర్‌లో కడిగానండి. ఇంతకీ మీరెలా కడుగుతున్నారు?"

"ఆకుకూర కడిగినట్టేనండి. మూడు నీళ్ళు పోసి, ఆఖర్న పురుగూ పుట్రా పోడానికి ఉప్పునీళ్ళలో ముంచి తీస్తానండి."

సుప్రియ పకపకా నవ్వింది. "ఉప్పు తగిలితే వెండి పాలల్లే విరిగి తెల్లబడిపోతుందండీ! నేను ముందే అడగాల్సింది."

అచ్చాయమ్మ నవ్వలేదు. "నేను ఉప్పు వెయ్యకపోతే, ఆ రెండు నెలలూ కలిసొచ్చి, మా ఆయన వేలు నిలిచేదాండీ?"

సుప్రియ నవ్వు ఆగిపోయింది. అచ్చాయమ్మ చెయ్యి పట్టుకుంది. "లేదండి. ఇది ముందు గాజుపళ్ళెంలో క్రిముల మీద, తర్వాత ఎలకల మీద చూడాలి. మనుషుల దాకా రావాలంటే పదేళ్ళు పట్టొచ్చు. రాకపోవచ్చు కూడా. మీ తప్పేం లేదు."

తప్పు తనది కాదని తెలిసి అచ్చాయమ్మ ఒళ్ళు తేలికపడింది. ఆ వెంటనే, రెండు నెలలుగా కన్న కలంతా ఒక్కసారి ఖాళీ అయిపోయింది. రెండిటికీ కలిపి ఏడ్చింది.

సోమవారం పొద్దున్న ఆసుపత్రి వరండాలో లోవరాజు అడిగాడు.

"మీ కాలేజీలో మందు కుదిరిందా?"

"కుదిరింది బావా."

"మరి తేలేదేంటే?"

"మన కాలానికి అందదంట."

అతడు కట్టు కట్టిన కాలు బల్ల మీదికి ఎత్తి పెట్టుకున్నాడు.

"ఎవడికో ఒకడికి వేలు దక్కుద్దిగా," అన్నాడు. "ఇక్కడ నా మొహం చూస్తా కూచోకు. వెళ్ళి ఆకు కొయ్యి."