దెబ్బ మనది, కేసు సర్కారుది

లాయరమ్మ పోయిందన్న కబురు మా నాయన తెచ్చాడు. చిత్తూరు కోర్టు ఎదురుగా టీ తాగుతుంటే ఎవరో అనుకుంటున్నారట. ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా వాకిట్లోనే నిలబడి, "మన లాయరమ్మ లేదు పాపా. తిరుపతి ఆస్పత్రిలో పానం పోయిందంట" అన్నాడు. కుట్టుమిషను తొక్కడం ఆపేశాను.

ఆమె మాకు చుట్టం కాదు. నేను మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసే రోజుల్లో అక్కడి సూపర్‌వైజరు నన్ను గోదాములోకి పిలిచి తలుపు వేశాడు. ఇంతకంటే ఇక్కడ చెప్పను. చెప్పాల్సినదంతా కోర్టులో చెప్పాను. అట్లా చెప్పగలిగేలా నన్ను నిలబెట్టింది ఆమె.

కేసు పెట్టిన కొన్నాళ్లకు మా ఊరి పెద్దమనిషి ఒకాయన రాజీ మాట్లాడటానికి వచ్చాడు. లాయరమ్మ ఆ రోజు మా ఇంట్లోనే ఉంది. అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగుతోంది. ఆయన మా నాయనతో, "పెండ్లి కావాల్సిన బిడ్డప్పా. కోర్టుల్లో తిప్పితే ఎవురు సేసుకుంటారు? వాడికే ఇచ్చి సేసేస్తే గొడవుండదు" అన్నాడు. నాయన తల దించుకున్నాడు. లాయరమ్మ గ్లాసు కింద పెట్టింది.

"అన్నా, నీ ఇంట్లో దొంగ పడితే పట్టుకోని, వాడి సేతికే ఇంటి బీగం సెవులిచ్చి పంపిస్తావా?"

ఆయన మళ్లీ మా వాకిలి తొక్కలేదు.

కేసంటే నాది, లాయరంటే నా తరపున వాదిస్తుందని అనుకున్నాను. ఆమె నవ్వి, "దెబ్బ మనది, కేసు సర్కారుది అమ్మణ్ణీ" అంది. వాదించేది సర్కారు వకీలట. నేను ఉత్త సాక్షినట. ఆమె ఆయన వెనక కూర్చుని సాయం చేయాలే తప్ప, నోరు తెరిచి ఒక ప్రశ్న అడగడానికి కూడా లేదట. నా ఒంటి మీద జరిగిన దాంట్లో నాది సాక్షి పాత్ర! ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ రోతగానే ఉంటుంది.

నేను సాక్ష్యం చెప్పే రోజు తలుపులు మూసి విచారణ జరపాలని ముందే అడిగి ఒప్పించింది. తలుపులైతే మూశారు కానీ, ఏ పనీ లేని నల్లకోట్లు కొన్ని వెనక కుర్చీల్లో అట్లాగే కూర్చున్నాయి, సినిమాకొచ్చినట్టు. ఆమె ఒక్కొక్కరి ముందుకూ పోయి, "ఈ కేసులో నీకేం పనప్పా? లెయ్యి" అని అందరినీ బయటికి పంపింది.

ముద్దాయి లాయరు మొదలుపెట్టాడు. ఆ రోజు పూలెందుకు పెట్టుకున్నావు, అంతకుముందు వాడితో నవ్వుతూ మాట్లాడలేదా, అరవాలని ఎందుకు తోచలేదు. అడిగే ప్రతిసారీ పెదవి మీద చిన్న నవ్వు. సర్కారు వకీలు ఫోను చూసుకుంటున్నాడు. లాయరమ్మ ఉండబట్టలేక లేచింది. "ఈమెకు ఇక్కడ మాట్లాడే హక్కు లేదు" అన్నాడు ముద్దాయి లాయరు. జడ్జిగారు కూర్చోమన్నారు. కూర్చుంది. కానీ సర్కారు వకీలు లేచి అభ్యంతరం చెప్పేదాకా ఆయన చెవిలో చెప్పడం ఆపలేదు.

నాకు ఆమె ముందే చెప్పింది: "ఏడుపొస్తే ఏడువు, తప్పు లేదు. తల మాత్రం దించొద్దు. దించితే టైపు కొట్టేవాళ్లకు నీ మాట ఇనపడదు." ఏడ్చాను. తల దించలేదు.

వాయిదా అయిపోగానే ఆమె కొళాయి దగ్గరికి పోయి నోరు పుక్కిలించి ఉమ్మేది. "లోపల ఇన్న మాటలకు నోరంతా సేదైపోతాది" అనేది. నాకూ దోసిట్లో నీళ్లు పట్టి ఇచ్చేది. తర్వాత ఇద్దరం చెరకురసం తాగేవాళ్లం. ఆమె గ్లాసులో ఐసు ఉండకూడదు, నిమ్మకాయ మాత్రం తప్పనిసరి.

వాడికి శిక్ష పడింది. అప్పీలు చేసుకుని బెయిలు మీద బయటికొచ్చాడు. మామిడి కాలంలో అదే ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి ఆడవాళ్లను లోపలికి పంపుతున్నాడు. ఈ సంగతి చెప్పడానికి పోతే లాయరమ్మ నా కేసు కాగితాలు బయటికి తీసింది. "బెయిలు రద్దు సెయ్యమని అడగతాం. పోదాం పద" అంది. ఆ పని ఇంకా నడుస్తుండగానే పోయింది.

కోర్టులో పెట్టిన లాయర్ల సంతాప సభకు నేనూ వెళ్లాను. ఫోటోకు దండ వేసి ముందుగా మైకు పట్టుకున్నది ఆ ముద్దాయి లాయరే. బతికున్నన్నాళ్లూ ఆమెను "ఏడుపు కేసులామె" అని ఎగతాళి చేసినవాడు. "ఆడబిడ్డల పాలిట దేవత, నాకు తోడబుట్టిన అక్క" అంటూ కళ్లు తుడుచుకున్నాడు. అందరూ తలలూపారు. నేను లేచి బయటికి వచ్చేశాను.

వరండా బల్ల మీద నగరి నుంచి వచ్చిన తల్లీకూతుళ్లు కూర్చుని ఉన్నారు. లాయరమ్మ కోసం వచ్చారట. లేదని మైకులో విన్నాక ఎటు పోవాలో తోచక అక్కడే ఉండిపోయారు. ఎవరి గుమాస్తానో ఒకడు వాళ్ల ముందు గొంతుక్కూర్చుని, "ఇంగెవురొస్తారమ్మా మీ కోసరం? రాజీకి ఒప్పుకోండి" అంటున్నాడు.

"లెయ్యన్నా. వీళ్లతో నేను మాట్లాడాల" అన్నాను.

నన్ను ఎగాదిగా చూసి లేచి వెళ్లాడు. ఆ పిల్ల నా వైపు తిరిగి, "మీరూ లాయరా అక్కా?" అంది.

"కాదు. నీ మాదిరి వచ్చినదాన్నే."

లోపల మౌనం పాటించడం అయిపోయినట్టుంది. కుర్చీలు జరిగాయి, టీ గ్లాసులు చప్పుడు చేశాయి, ఎవరో గట్టిగా నవ్వారు. ఆ పిల్ల బల్ల మీదున్న అన్నం సంచిని ఒళ్లోకి తీసుకుని, నాకు చోటిస్తూ కొంచెం పక్కకు జరిగింది.