అటక మీది చీరల మూట

నాకు ఇల్లు సర్దే బుద్ధి కోపంలోనే పుడుతుంది. మనసు బాగున్న రోజున మంచం మీద బట్టల గుట్ట ఉన్నా పక్కకు తోసి పడుకుంటాను. ఎవరైనా ఒక మాట అన్నారా, కొంగు బిగించి అలమారాలన్నీ గుమ్మరిస్తాను. అందుకే ఇల్లు అద్దంలా మెరుస్తుంటే మా ఆయన చెప్పులు విప్పకుండానే బెల్లం కొట్టుకు తిరిగి వెళ్లిపోతారు.

మొన్న ఆ మాట అన్నది మా అత్తయ్య. చుట్టాలావిడ ఒకరు వస్తే, నేను కాఫీ పట్టుకెళ్లేలోపే, "మా కోడలు మంచిదేనమ్మా, సర్దుకోడమే రాదు. కొట్టుకీ ఇంటికీ తేడా ఉండదు" అనేసింది. నవ్వుతూనే అంది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఈ ఇంట్లో మూత లేని డబ్బాలూ, డబ్బా లేని మూతలూ దాచేదెవరట?

మర్నాడు ఆవిడ గుడికి వెళ్లగానే అటకెక్కాను. గోనెసంచులు, విరిగిన ఫ్యాను రెక్కలు దించాక మూలన ఒక మూట దొరికింది. అన్నీ ఆవిడ నూలు చీరలే, ఉతికి ఉతికి వెలిసిపోయినవి. నా ఖర్మకొద్దీ అప్పుడే పాత బట్టలకు స్టీలు సామాన్లిచ్చే ఆవిడ వీధిలో కేకేసింది. మూట ఇచ్చేసి మూతున్న డబ్బా ఒకటి తీసుకున్నాను. అత్త మీద కోపం దుత్త మీద అంటారే, అదే. ప్రాణం ఎంత హాయిగా ఉందో అప్పుడు!

మధ్యాహ్నం అత్తయ్య అటక వైపు చూసింది. "ఏటమ్మా, మూలనున్న మూట కనబడదు?"

"పాతవి కదాని ఇచ్చేశానత్తయ్యా."

ఆవిడ అక్కడే కూలబడింది. "అవి పిల్ల పురిటికని దాచేనమ్మా."

పిల్లంటే మా ఆడపడుచు. పాయకరావుపేటలో ఇచ్చారు. కడుపు నిలవక నిలవక, ఇన్నేళ్లకి ఇప్పుడు నెలలు నిండుతున్నాయి. పుట్టిన బిడ్డను మాలో కొత్తగుడ్డలో పెట్టరు. పెద్దవాళ్లు కట్టి కట్టి మెత్తబడిన నూలు చీరే పొత్తిగుడ్డ. ఇది నాకు తెలియనిదా? నా పిల్లలు మా అమ్మ చీరల్లోనే కళ్లు తెరిచారు. మూట ఎత్తినప్పుడు ఆ మెత్తదనం చేతికి తగిలింది కూడా. అయినా కోపంలో ఆగలేదు. తొందరగా ఆరతాయని అత్తయ్య ఇప్పుడు కట్టేవన్నీ పాలియెస్టరు చీరలే. ఆవిడ కట్టిన నూలు చీర ఇంట్లో ఇంకొకటి లేదు.

స్కూటీ వేసుకుని మా గవరపాలెం వీధులన్నీ తిరిగాను. ఆ కేక ఎక్కడా వినబడలేదు.

తిరిగొచ్చేసరికి అత్తయ్య కూతురితో ఫోన్లో మాట్లాడుతోంది. "ఎలకలు కొట్టేసేయే, ఏటి సేత్తాం? మీ వదినే సూసింది. పాపం, ఒకటే బాధపడతంది."

నా కోసం అబద్ధమాడుతోంది. తిట్టినా బాగుండేది. తిడితే ఎదురు చెప్పడం నాకు వచ్చు. దీనికి మాత్రం సిగ్గుతో చచ్చిపోయాను.

ఫోను నా చేతికిచ్చింది.

"వదినా, నువ్వు బాధపడకు," అంది ఆడపడుచు. "నీదే పాత నూలు చీరొకటి తీసుంచు. కట్టినోళ్ల గుణం బిడ్డకి వత్తదంటారు కదా. మా అమ్మతో ఎలా వేగుతన్నావో నాకు తెలీదా? నీ ఓర్పు వత్తే చాలు."

అత్తయ్య పక్కనే నిలబడి అంతా వింటోంది. ఆవిడ ముఖం చూడలేక గోడ వైపు తిరిగి, "అలాగేనమ్మా" అన్నాను.