ఉలిగమ్మ నాటిన తుంగ

పెనుకొండకు పది మైళ్ళ దూరంలోని ఆ పల్లెకు కోడలుగా వచ్చినప్పటి నుంచి ఉలిగమ్మ చెరువంచున తుంగ కోసి, చాపలు అల్లి హిందూపురం సంతలో అమ్మేది. తొంభైల్లో వరసగా కరువులొచ్చాయి. చెరువెండి తుంగ పోయింది. ఆ చోటంతా సర్కారు తుమ్మ కమ్ముకుంది. ఆమె చాపలు మాని కూలికి పోసాగింది.

2003లో ధర్మవరం నుంచి ఒక సంస్థ వాళ్ళు వ్యానులో దిగారు. చెరువంచును మళ్ళీ పచ్చగా చేస్తామనీ, పక్షులొస్తాయనీ షామియానా కింద చెప్పారు. వాళ్ళ పెద్ద జయప్రకాష్ ఇస్త్రీ నలగని చొక్కాతో ఫోటోకు నిలబడ్డాడు. గడ్డపారను గొడుగులా పట్టుకున్న ఆ మనిషిని చూసి ఉలిగమ్మకు ఒళ్ళు మండింది. వెంట వచ్చిన కాలేజీ పిల్లలు నర్సరీ పూల మొక్కలను నీళ్ళు నిలిచే పల్లంలో నాటసాగారు.

"ఏమప్పా, వానొస్తే ఈడ మోకాలిలోతు నీళ్ళు నిలుస్తాయి. ఇవి బతకవు," అందామె.

"అవ్వా, మేం చదువుకున్నోళ్ళం. మాకు తెలుసులే," అని జయప్రకాష్ నవ్వాడు.

అక్టోబరు వానలకు మొక్కలన్నీ కుళ్ళాయి. సంస్థ వాళ్ళు తొంగిచూడలేదు. ఉలిగమ్మ ఆ సంగతి ఎదురుపడ్డ ప్రతివాడికీ చెప్పి, చెప్పిన ప్రతిసారీ పక్కకు ఉమ్మేది. సంస్థ పంచిన చిత్రాన్నం పొట్లాలకు ఆశపడి ఆ రోజు తలూపిన ఊరివాళ్ళంటే ఆమెకు ఇంకా చులకన.

మరుసటి వేసవిలో ఆ కాలేజీ పిల్లల్లో ఒకతి, స్వప్న, ఒంటరిగా బస్సు దిగి ఆమె ఇంటికొచ్చింది. ఈసారి ఏం నాటాలో చెప్పమంది. ఉలిగమ్మ ఆ పిల్ల మెత్తటి చేతులు చూసి పెదవి విరిచి, ముందు తుమ్మ తవ్వమని గడ్డపార ఇచ్చింది. బొబ్బలెక్కితే రెండో రోజుకే పారిపోతుందనుకుంది. స్వప్న చేతులకు గుడ్డలు చుట్టుకుని మూడో రోజూ వచ్చింది. నాలుగో రోజు స్నేహితులను నలుగురిని వెంటబెట్టుకొచ్చింది. అది చూసి పక్కింటి మారక్క, ఇంకో పదిమంది ఆడవాళ్ళు దిగారు.

తుమ్మను వేళ్ళతో సహా తీశాక ఉలిగమ్మ వాళ్ళను బత్తలపల్లి దగ్గర ఒక వంకకు తీసుకెళ్ళింది. అక్కడ తుంగ గడ్డలు తవ్వి, గోనెసంచుల్లో బస్సుపైన వేసుకొచ్చారు. తొలి వాన పడ్డాక బురదలో నాటారు. గట్టు వైపు కంచెగా వావిలి కొమ్మలు గుచ్చారు. ఊళ్ళో గొర్రెలు కాసే ఓబుళప్ప మందను అటు తోలుకొచ్చినప్పుడు ఉలిగమ్మ అడ్డంగా నిలబడింది. గొర్రెలకున్న బుద్ధి కూడా నీకు లేదని తిట్టి, ఒక్క ఏడాది ఆగమంది. అతను గొణుక్కుంటూనే మందను మళ్ళించాడు.

2005లో చెరువు నిండింది. తుంగ నడుమెత్తు లేచింది. దాని మొదళ్ళలో నీటికోళ్ళు పిల్లలు చేశాయి. కబురు తెలిసి జయప్రకాష్ సంస్థ పేరున్న బోర్డుతో వచ్చాడు. ఉలిగమ్మకు శాలువా కప్పి, మైకిచ్చి, సంస్థ చేసిన మేలు నాలుగు మాటల్లో చెప్పమన్నాడు.

"మీరు నాటినవి కుళ్ళిపోయినాయి. ఈడుండేది మేం నాటింది. బోర్డు యాడన్నా పెట్టుకోండి, తుంగను మాత్రం తొక్కద్దండి," అని మైకు అతని చేతిలోనే పెట్టేసింది.

శాలువా తీసి నడుముకు చుట్టుకుని, కొడవలితో నీళ్ళలోకి దిగింది. స్వప్న వెనకాలే వెళ్ళి మొదటి గుప్పెడు మరీ కిందికి కోయబోయింది. ఉలిగమ్మ ఆ చేయి పట్టుకుని ఆపింది.

"గడ్డ తెగితే మళ్ళా చిగురేయదు. నిరుటి నుంచి చెప్తాండా, నీకు బుర్ర ఉండాదా?" అని తిట్టింది. తర్వాత పక్కకు జరిగి, తన ముందున్న ఒత్తైన దుబ్బును ఆ పిల్లకు వదిలింది.